విచారణలో ఉన్న ముఖం

ఆ రోజు పొద్దున పోస్టుమాస్టరు పెట్టుకున్న పనులు మూడే. పార్సిల్లో వచ్చే కొత్త స్టాంపులు లెక్కపెట్టుకోవడం, మర్నాటి సభకు కుర్చీలు సర్దించడం, ముద్ర కొట్టే సిరా చిక్కగా ఉందో లేదో పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూసుకోవడం. మధ్యాహ్నానికల్లా అన్నీ తెమిలిపోతాయి, సాయంత్రం పెందరాళే ఇంటికి పోయి చొక్కా ఇస్త్రీ చేసుకోవచ్చు అనుకున్నాడు.

ఆయనది దర్జీ కొట్టుకూ సైకిల్ షాపుకూ మధ్య ఇరుక్కుని ఉన్న రెండు గదుల పోస్టాఫీసు. ముందు గదిలో కౌంటరు, ఆయన బల్ల, తూకం యంత్రం. వెనక గదిలో పార్సిళ్లు, పాత రిజిస్టర్లు. సిబ్బంది ఆయనతో కలిపి ముగ్గురు. ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్ ఆవిడ ఒకరు, మూడు నెలల కిందట బదిలీ మీద వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఒకడు. ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆఫీసు ఉంటేనే ఆవిడకు పని.

పోస్టుమాస్టరుకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు గానీ అది అన్యాయం. ఆయనకు నమ్మకం తక్కువ, అంతే. తనే జిగురు రాసి అంటించిన కవరును తనే రెండుసార్లు లాగి చూస్తాడు. గోడ గడియారం పదకొండు కొడితే వేళ్లు మడిచి లెక్కపెడతాడు. దారిలో ఎవరైనా ఊరికే నమస్కారం పెడితే, దాని వెనక ఏముందా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు.

ఈ గుణానికి పెద్ద రుజువు ఆయన బల్ల అడుగు సొరుగులో ఉంది. ఈ ఆఫీసును తీసుకుపోయి పెద్ద పోస్టాఫీసులో కలిపేస్తారని రెండు నెలలుగా పుకారు. ఆ ఉత్తర్వు వస్తే గోధుమరంగు కవర్లోనే రావాలి. అందుకని పై ఆఫీసు నుంచి వచ్చే గోధుమరంగు కవరు దేన్నీ ఆయన తెరవడం మానేశాడు. అవి మామూలు సంచిలో వచ్చేవే, సంతకం పెట్టి తీసుకునేవి కావు. తెరవని కవరు అందని కవరే అని ఆయన సిద్ధాంతం. అలా అందని కవర్లు ఇప్పటికి ఏడు పోగయ్యాయి.

ఇంతలో అదృష్టం తలుపు తట్టినట్టు స్టాంపు సంగతి వచ్చింది. పురుగుమందులు నేలనూ నీళ్లనూ ఏం చేస్తాయో మామూలు జనానికి అర్థమయ్యేలా మొట్టమొదట పుస్తకాలు రాసిన రచయిత్రి ఒకావిడ నలభై ఏళ్లు ఈ వీధి మూలింట్లోనే ఉండేది. రాసిన ప్రతి పుస్తకాన్నీ ఈ కౌంటరు నుంచే అచ్చుకు పోస్టు చేసింది. పోయి పన్నెండేళ్లయింది, పోస్టుమాస్టరు ఈ ఆఫీసుకు రాకముందే. ఆవిడ గౌరవార్థం స్టాంపు వేశారు, విడుదల ఇక్కడే. "సభ బాగా జరిగితే మీ ఆఫీసు గురించి పైన ఒక మంచి మాట చెప్తాను," అన్నాడు సూపరింటెండెంటు ఫోన్లో. "మిగతా వివరాలన్నీ కవర్లో పంపాను, చూసుకోండి." ఈ రెండో మాట మాత్రం పోస్టుమాస్టరు చెవిన పడనట్టే ఊరుకున్నాడు.

పార్సిల్ తొమ్మిదిన్నరకు వచ్చింది. సీళ్లు నాలుగూ భూతద్దంతో చూసి, ఎవరూ విప్పి మళ్లీ వేయలేదని తేల్చుకున్నాకే విప్పాడు. స్టాంపు బాగుంది. గుండ్రటి ముఖం, మందపాటి కళ్లద్దాలు, ఎడమ కనుబొమను రెండు ముక్కలు చేసిన పాత గాటు, గడ్డం మీద మిరియపుగింజంత పుట్టుమచ్చ. పక్కన ఒక ఆకు, ఆకు మీద మిడత. భూతద్దం కింద ఆ ముఖాన్ని చూస్తూ ఉండగానే కౌంటరు అవతలి నుంచి ఎవరో కవరు తోశారు.

"ఇది తూచండి."

తలెత్తాడు. గుండ్రటి ముఖం. మందపాటి కళ్లద్దాలు. ఎడమ కనుబొమ మీద గాటు. గడ్డం మీద మిరియపుగింజ. జుట్టు మాత్రం తెల్లబడింది.

"ఏమయ్యా, కవరు తూచమంటే నన్ను చూస్తావేం?"

ఆయన తూచాడు. నమ్మకం కుదరక ఇంకోసారి తూచాడు. కవరు మీద చిరునామా సూపరింటెండెంటు కార్యాలయానిది.

"ఇక్కడ వేసిన ఉత్తరాలు నిజంగా చేరతాయా?" అని అడిగింది ముసలావిడ.

"ఎందుకు చేరవమ్మా? అదే కదా మా పని."

"ఏమో మరి. మా ఊరి నుంచి మూడు వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు." ఆవిడ స్టాంపు అంటించి, అంటుకుందో లేదో బొటనవేలితో రెండుసార్లు ఒత్తి చూసి, "సరే, రేపు కలుద్దాం," అని వెళ్లిపోయింది.

రేపు కలుద్దాం. ఆ మాటలో పోస్టుమాస్టరుకు బెదిరింపు వినిపించింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయనకు కంఠతా వచ్చిన నియమాలు కొన్నే గానీ, వాటిలో ఇది ఒకటి: బతికున్న మనిషి ముఖం స్టాంపు మీద వేయకూడదు. వేసినట్టు తేలితే విడుదల ఆగిపోతుంది. విడుదల ఆగితే మంచి మాట రాదు. మంచి మాట రాకపోతే ఆఫీసు ఉండదు. ఆయన సిరా సంగతి మరిచిపోయి కుర్చీలో కూలబడ్డాడు.

పోస్ట్‌మ్యాన్ తిరిగి రాగానే పక్కకు పిలిచాడు. "మూలింట్లో ఎవరుంటున్నారు?"

"వారం నుంచి ఎవరో పెద్దావిడ, సార్. తలుపులు తీసి ఉంటున్నాయి. రచయిత్రి గారి పేరు మీద ఇంకా పత్రికలు వస్తుంటాయి కదా, అవి ఆవిడకే ఇస్తున్నా."

"అంటే, పోయినావిడ పేరు మీద వచ్చినవి బతికున్నావిడ తీసుకుంటోందన్నమాట."

"పోయినావిడ వచ్చి తీసుకుంటే బాగుండదు కదా, సార్."

"మీరెవరని అడిగావా?"

"అడగలేదు, సార్. అడ్రసు సరిపోయింది. మనిషితో నాకేం పని?"

పోస్టుమాస్టరు అతన్ని కాసేపు తేరిపార చూశాడు. ఇంత తేలిగ్గా జవాబు చెప్పేవాడు ఏదో దాస్తున్నాడనిపించింది. వీధిలో పాతకాపు దర్జీ ఒక్కడే. కానీ దర్జీ తన కొట్టు పెంచుకోవడానికి ఈ ఆఫీసు గది మీద కన్నేశాడని ఆయనకు గట్టి అనుమానం. అందుకని సూటిగా అడగకుండా, చొక్కా గుండీ కుట్టించుకునే నెపంతో వెళ్లి కూర్చున్నాడు.

"ఆ రచయిత్రి గారు చూడ్డానికి ఎలా ఉండేవారంటారు?"

"ఎవరు చూశారండీ," అన్నాడు దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ. "ఎప్పుడూ తల వంచి నేల మీద పురుగుల్ని చూసుకుంటూ నడిచేది. నాకు ఆవిడ నడినెత్తి బాగా గుర్తు. పాపిడి కొంచెం వంకర. ముఖమంటారా, పుస్తకాల వెనక ఫొటో ఉంటుంది చూడండి, అదే అయ్యుంటుంది. ఎందుకడుగుతున్నారు?"

ఆవిడకు నా అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఇంకొక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఎదుటివాడు ఎందుకని అడిగిన తర్వాత ఇంకో ప్రశ్న వేసే అలవాటు పోస్టుమాస్టరుకు లేదు. సగం కుట్టిన గుండీతోనే లేచి వచ్చేశాడు.

భోజనాల వేళ ఆవిడ మళ్లీ వీధిలో కనిపించింది. ఆయన అన్నం డబ్బా చంకలో పెట్టుకుని, కరెంటు స్తంభం నుంచి కరెంటు స్తంభానికి నక్కుతూ వెంబడించాడు. ఆవిడ కిరాణా కొట్టు ముందు ఆగి రెండు డబ్బాల బొద్దింకల పొడి, ఒక డబ్బా చీమల మందు కొంది. పొడి ఘాటుగా ఉంటుందా అని అడిగి, మూత తీయించి చూసి మరీ కొంది. పార్సిల్తో వచ్చిన కరపత్రంలో ఆ రచయిత్రి ఇలాంటి పొడుల మీద నాలుగు వందల పేజీల పుస్తకం రాసిందని ఉంది. స్తంభం వెనక నిలబడే ఆయన కేసు తేల్చేశాడు. ఈవిడ చావలేదు. అంత పుస్తకం రాశాక ఇంట్లో ఒక్క బొద్దింకను చంపినా పరువు పోతుంది. అది భరించలేక, చచ్చినట్టు నమ్మించి, ఎక్కడో దాక్కుని పన్నెండేళ్లుగా తనివితీరా చంపుకుంటోంది.

ఇంత పెద్ద రహస్యం ఒక్కడే మోస్తే రేపు నేరం తన మీదే పడుతుందని, సాక్ష్యం కోసం సార్టింగ్ ఆవిడకు చెప్పాడు. "స్టాంపు మీద ఉన్నది బతికున్న మనిషి. ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను, సార్," అందావిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకు తెలుసు. అయినా ఆవిడ అంత గట్టిగా అనేసరికి, ఈ ఒక్కసారికి నమ్మితే పోలా అనుకున్నాడు.

మూడు గంటలకు దర్జీ వచ్చాడు, మెడలో టేపు వేసుకుని దిగిన ఫొటోతో.

"బతికున్నవాళ్లకి కూడా స్టాంపు వేస్తున్నారటగా. నలభై ఏళ్లుగా ఈ వీధికంతా బట్టలు కుడుతున్నాను. నాకంటే అర్హులెవరో మీరే చెప్పండి."

అతని వెనకే సైకిల్ షాపు యజమాని వచ్చాడు. పక్క నుంచి చూస్తే తన ముక్కు బాగుంటుందని అలా దిగిన ఫొటో తెచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు తనదీ భార్యదీ కలిపి ఒకే స్టాంపు చాలన్నాడు, ప్రభుత్వానికి కాగితం ఆదా. ఒకావిడ మొగుడి ఫొటో ఇచ్చి, "స్టాంపు మీద చూసుకుంటేనన్నా తను బతికున్న సంగతి ఆయనకి గుర్తొస్తుందేమో," అంది.

మామూలు మనిషి అయితే వాళ్లను నవ్వి పంపేసేవాడు. పోస్టుమాస్టరు నవ్వలేదు. ఒకే రోజు ఇంతమంది ఒకే కోరికతో ఊరికే రారు. తనను పరీక్షించడానికి పై ఆఫీసే వీళ్లను పంపి ఉంటుంది. ఏ దరఖాస్తునూ కాదనకూడదు, ప్రతిదానికీ రసీదు ఇవ్వాలి, అది ఇంకో నియమం. మూతి బిగించుకుని ఒక్కొక్క ఫొటో తీసుకుని, నంబరు వేసి, ముద్ర కొట్టి రసీదు రాసిచ్చాడు. అయిదు గంటలకు ముప్ఫై ఒకటయ్యాయి. సిరా చిక్కగానే ఉందని ఆ రకంగా తేలింది.

ఇంటికి వచ్చి భార్యకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూ విని, "ఏవండీ, మీరెవరని ఆవిడనే అడిగేస్తే పోయేదిగా?" అంది.

"అడిగితే చెప్పేస్తుంది."

"చెప్తే మంచిదే కదా?"

"చెప్పింది నమ్మాలి కదా మళ్లీ."

భార్య మడత పెట్టిన దుప్పటిని విదిలించి మళ్లీ మడత పెట్టింది. ఆయనతో కాపురం మొదలైన దగ్గర్నుంచి ఆవిడకు అది అలవాటైంది.

మర్నాడు పదకొండింటికి సభ. పది కాకముందే ముసలావిడ చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, చేతిసంచితో గుమ్మంలో నిలబడింది. ఆవిడ వెనక గోడకు స్టాంపు బొమ్మను నిలువెత్తున అంటించారు. ముఖం పక్కన ముఖం. ఇంకాసేపట్లో సూపరింటెండెంటు వస్తాడు, జనం వస్తారు, గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. పోస్టుమాస్టరుకు ఒకటే దారి కనిపించింది.

"రండమ్మా, మీరిలా లోపలికి రండి," అని వెనక గదిలో పార్సిళ్లు జరిపి కుర్చీ వేశాడు. "మీకేదైనా ఫిర్యాదు ఉంటే ఈ ఫారం మీద రాయండి. మూడు కాపీలు కావాలి. కార్బను కాగితం అయిపోయింది, చేత్తోనే రాయాలి."

ఆవిడ ముఖం వికసించింది. "ఇన్నాళ్లకి అడిగారయ్యా," అంటూ కళ్లద్దాలు సర్దుకుంది. ఆయన వెతికి వెతికి సగం రాసి సగం రాయని పెన్ను ఒకటి ఇచ్చి, తలుపు చేరేసి, బయట గడియ పెట్టాడు. తీరా పెట్టాక గుర్తొచ్చింది, ఆ గడియ పడితే ఒక పట్టాన రాదు. రాకపోతే మరీ మంచిదనుకున్నాడు.

పదకొండయ్యేసరికి ముందు గది నిండిపోయి వీధిలోకి పొంగింది. పాతిక మంది వస్తే గొప్ప అనుకున్న సభకు వంద మంది వచ్చారు. ముప్ఫై ఒక్క మంది చేతుల్లో రసీదులున్నాయి. సూపరింటెండెంటు ఆ జనాన్ని చూసి మురిసిపోయాడు. పదకొండుంపావుకు మురిపెం తగ్గింది. పదకొండున్నరకు పోస్టుమాస్టరు చెవి దగ్గరికి వంగాడు.

"ముఖ్య అతిథి ఏరయ్యా?"

"ముఖ్య అతిథి అంటే... మీరే కదండీ?"

"నేనేమిటి? స్టాంపు విడుదల చెయ్యాల్సిందెవరో కార్యక్రమం కాగితంలో రాసి పంపాను కదా. కవరు చూసుకోలేదా?"

పోస్టుమాస్టరు చూపు బల్ల అడుగుకు పోయింది. "చూశానండీ, ఇంకోసారి చూసొస్తాను," అని బల్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని అడుగు సొరుగు లాగాడు. అన్నిటికంటే పై కవరు చించాడు. 'ఇదివరకు పంపిన ఆరు కవర్లు అందినదీ లేనిదీ తెలుపగలరు.' రెండోది చించాడు. 'ముఖ్య అతిథి: రచయిత్రి గారి చెల్లెలు. ఈమె చేతుల మీదుగా స్టాంపు విడుదల. వారం ముందే వచ్చి అక్కగారి ఇంట్లోనే బస చేస్తారు. అన్ని మర్యాదలూ చేయగలరు.'

అన్ని మర్యాదలూ పొందిన అతిథి గడియ వెనక ఉంది. ఆయన మిగిలిన అయిదు కవర్లూ చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. గడియ రాలేదు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ షాపు నుంచి సుత్తి తెచ్చి రెండు దెబ్బలు వేస్తే వచ్చింది. లోపల ఆవిడ తాపీగా మూడో కాపీ కింద సంతకం పెడుతోంది. పోస్టుమాస్టరు పోస్ట్‌మ్యాన్‌ను పంపేసి, తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా, క్షమించండి. మీరు చెల్లెలుగారని తెలియలేదు. మీరే రచయిత్రి గారేమోనని..."

"ముందు ఇది చదువు," అని ఫారం చేతికిచ్చింది.

అందులో రెండే వాక్యాలున్నాయి. 'స్టాంపు మీద వేసిన ముఖం మా అక్కది కాదు, నాది. నేను బతికే ఉన్నాను.'

పోస్టుమాస్టరు జీవితంలో ఎన్ని అనుమానాలు పడ్డాడో లెక్కలేదు. వాటిలో నిజమైనది ఇదొక్కటే. సంతోషపడాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు.

"మా అక్కకి ఫొటో అంటే గిట్టదయ్యా," అంది ఆవిడ. "మొదటి పుస్తకం అప్పుడు అచ్చువేసేవాళ్లు ఫొటో అడిగితే, నాకు పనుంది, నువ్వెళ్లి దిగిరా, ముఖమే కదా అంది. వెళ్లాను. ఇరవై రెండేళ్లదాన్ని, నాకేమో సరదా. తర్వాత అదే ఆనవాయితీ అయింది. పుస్తకం తనది, ముఖం నాది. నేనప్పుడు పురుగుమందుల కంపెనీలో గుమాస్తాని. తన మూడో పుస్తకం మా మేనేజరు కొన్నాడు. వెనక నా ముఖం చూశాడు. మర్నాటి నుంచి రావద్దన్నాడు."

పోస్టుమాస్టరుకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వడం లేదు.

"పదకొండేళ్లు తనతో మాట్లాడలేదు. వారం వారం ఉత్తరం రాసేది. ఒక్కటీ తెరవలేదు. తప్పయిందని రాసుంటుంది, లేకపోతే నీతులు చెప్పుంటుంది, లోపలేముందో నాకు తెలుసులే అనుకున్నాను. తను పోయాక తెరిచాను. ఆ వారం పెరట్లో కొత్తగా ఏ పురుగు కనిపించిందో రాసేదంతే. కొరికే వాటికి నా పేరు పెట్టేది."

పోస్టుమాస్టరు తన చేతిలో ఉన్న అయిదు కవర్ల వంక చూసుకున్నాడు. ఆవిడ సంచిలోంచి ఒక పాత ఫొటో తీసింది. తల వంచి నేల మీదికి చూస్తున్న ఒక మనిషి నడినెత్తి. పాపిడి కొంచెం వంకర.

"తన ఫొటో ఇదొక్కటే ఉంది. ఇది మా అక్క. ఈ స్టాంపు మీద తనుండాలి, నేను కాదు. మూడు ఉత్తరాల్లో ఇదే రాశాను. నిన్న నాలుగోది నీ చేతికే ఇచ్చాను."

ఆయన కవర్లు చించాడు. మూడింటిలో ఆవిడ ఉత్తరాలే ఉన్నాయి, ఒక్కొక్కదాని అంచున సూపరింటెండెంటు చేతిరాతతో: 'పోస్టుమాస్టరు విచారించి నివేదిక పంపాలి.' చదవకుండా పంపినవాడొకడు, తెరవకుండా దాచినవాడొకడు. నాలుగోది సిరా పొదుపు గురించి. అయిదోది, అన్నిటికంటే పాతది, ఆయన భయపడ్డదే. ఈ ఆఫీసును పెద్ద పోస్టాఫీసులో కలపడానికి ప్రతిపాదన. అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లో తెలపాలి, తెలపకపోతే సమ్మతించినట్టే. నలభై రోజులయింది.

ఆయన పార్సిల్ మీద కూర్చున్నాడు. ఏదీ దాచకుండా ఒక మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయనకు అదే మొదలు. "అమ్మా, మీ ఫిర్యాదు న్యాయమైందే. కానీ ఇవాళ సభ ఆగితే ఈ ఆఫీసు పోతుంది. ఆగకపోయినా పోయేట్టుంది. నాకేముంది, పెద్దాఫీసులో మూల బల్ల ఇస్తారు. బయట కుర్చీలు వేస్తున్న సార్టింగ్ ఆవిడకి ఆ మూల కూడా లేదు. చేతులారా చేసుకున్నాను."

"ఏదీ, ఇలా ఇవ్వు," అని ఆవిడ కాగితం లాక్కుంది. "పదకొండేళ్లు గుమాస్తా పని చేశాను. ఉత్తర్వుని అడుగు నుంచి చదవాలి." కళ్లద్దాలు పైకి తోసి, అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని పైకి చదివింది: 'విచారణ పెండింగులో ఉన్న ఆఫీసులకు, ఆ విచారణ ముగిసేవరకు ఈ ప్రతిపాదన వర్తించదు.'

గోడ అవతల జనం గోల ఎక్కువైంది.

"నా ఫిర్యాదు మీద విచారణ చెయ్యాల్సిందెవరు?" అని అడిగింది ఆవిడ.

"నేనేనండీ."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"అనుమానం తీరేదాకా."

"త్వరగా తీరుతుందా?"

"నాకా?" అన్నాడు పోస్టుమాస్టరు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. మూడు కాపీలూ ఆయన చేతికిచ్చి, నడినెత్తి ఫొటోను మొదటి కాపీకి గుండుసూదితో గుచ్చింది. "ఇది ఫైల్లో ఉండాలి. ఎవరడిగినా మొదట ఇదే చూపించాలి." లేచి రెండడుగులు వేసిందో లేదో, పాత రిజిస్టర్ల సందులోంచి బొద్దింక ఒకటి బయటికొచ్చి ఆవిడ కాళ్ల ముందు ఆగింది. ఆవిడ చెప్పు పైకి లేచింది. కొంతసేపు గాల్లోనే ఉంది. తర్వాత మెల్లగా పక్కన దిగింది.

"పో," అంది దానితో. "ఇవాళ అక్క రోజు."

వేదిక మీద ఆవిడను చూసి సూపరింటెండెంటు నిలువెత్తు బొమ్మ వైపు తిరిగాడు, మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు.

"అచ్చు గుద్దినట్టున్నారండీ."

"అక్కచెల్లెళ్లం కదా," అంది ఆవిడ.

జనమంతా నిజమేనని తలలూపారు. కొత్త స్టాంపు అంటించిన తొలిరోజు కవరు మీద మొదటి ముద్ర కొట్టమని ముద్రకర్ర ఆవిడ చేతికిచ్చారు. ముద్ర స్టాంపు మూలకు మాత్రమే తగలాలి, బొమ్మ చెడకూడదు, అది పద్ధతి. పోస్టుమాస్టరు ఎక్కడ కొట్టాలో వేలితో చూపించాడు. ఆవిడ ఆ వేలిని పక్కకు జరిపి, చెయ్యి పైకెత్తి, తన ముఖం నడిమధ్యన ఒక్క దెబ్బ వేసింది. తీశాక చూస్తే ఆకూ మిడతా మిగిలాయి, ముఖం ఉన్నచోట నల్లటి గుండ్రం ఉంది.

"అయ్యో, ముఖం పోయిందండీ," అన్నాడు సూపరింటెండెంటు.

"పోనివ్వండి. మా అక్కకి ముఖం చూపించడం ఇష్టముండేది కాదు," అని ఆవిడ ఆ కవరును గుండెలకు ఆనించుకుంది. ముందు వరసలో దర్జీ కళ్లు తుడుచుకున్నాడు, ఇప్పుడు స్టాంపు మీద రచయిత్రి అచ్చం తనకు గుర్తున్నట్టే ఉందని.

రసీదులు పట్టుకున్నవాళ్లు ముందుకు తోసుకొస్తుంటే, వీళ్లంతా ఎవరని సూపరింటెండెంటు అడిగాడు. దరఖాస్తుదారులనీ, అన్నీ పెండింగులో ఉన్నాయనీ పోస్టుమాస్టరు చెప్పాడు. ఇంత చిన్న ఆఫీసులో ఇంత పని జరుగుతోందని తనకు తెలియనే తెలియదని సూపరింటెండెంటు ఆశ్చర్యపోయి, పైన చెప్తానన్న మంచి మాట అక్కడే చెప్పేశాడు.

ఆఫీసు ఇంకా దర్జీ కొట్టుకూ సైకిల్ షాపుకూ మధ్యనే ఉంది. సార్టింగ్ ఆవిడ అక్కడే పని చేస్తోంది, ఎవరితోనూ ఏమీ అనకుండా. మూలింట్లోనే ఉండిపోయిన ముసలావిడ నెలకోసారి ఫైలు తెరిపించుకుని నడినెత్తి ఫొటో చూసుకుని వెళ్తుంది. పోస్టుమాస్టరు గోధుమరంగు కవర్లను వచ్చిన రోజే తెరిచి, అడుగు నుంచి పైకి చదువుతున్నాడు. ప్రతి నెలా మొదటి తారీఖున తను కూడా ఒక గోధుమరంగు కవరు పై ఆఫీసుకు పంపుతాడు. లోపల ఒకటే వాక్యం ఉంటుంది: 'విచారణ సాగుతోంది, అనుమానం ఇంకా తీరలేదు.'

దాన్ని అక్కడ ఎవరైనా తెరుస్తున్నారా అన్నది ఆయన కొత్త అనుమానం.